టెక్ సందేహాలు: ‘థ’ పొట్టలో చుక్క ఎక్కడికి పోయింది?

అమలాపురం నుంచి ఒక పాఠకురాలు: ఇంటి దగ్గరే ఉండి బోర్డులకు, శుభలేఖలకు బ్రష్‌తో అక్షరాలు రాసిస్తుంటాను. మొన్న ఒక ఫ్లెక్సీ కోసం ఏ4 కాగితం మీద ‘రథోత్సవం’ అని రాసి, ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో షాపుకి పంపాను. పది అడుగుల ఫ్లెక్సీ మీద అంచులు మెట్లుమెట్లుగా వచ్చాయి. పైగా ‘రథోత్సవం’ కాస్తా ‘రధోత్సవం’ అయింది. తప్పు రాశానని నన్నే అన్నారు. పొరపాటు ఎక్కడ జరిగింది?

మీ చేతిలో తప్పు లేదు. మాట పడాల్సింది కూడా మీరు కాదు. మామూలు క్వాలిటీలో పంపిన ఫొటోను వాట్సాప్ పొడవు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. పది అడుగులంటే 120 అంగుళాలు. అంటే అంగుళానికి 13 పిక్సెళ్లే దక్కాయి. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తాం కాబట్టి అంగుళానికి 72 ఉన్నా నడిచిపోతుంది, 13తో మాత్రం కుదరదు.

ఇక చుక్క సంగతి. షాపులో ఆ మసక ఫొటోనే ట్రేస్ చేసి ఉంటారు, అంటే ఫొటోలోని అక్షరాల అంచులను కంప్యూటర్‌తో గీతలుగా మార్చి ఉంటారు. ట్రేసింగ్‌లో చిన్న మరకలను తీసేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. కాగితం మీది దుమ్ము, సిరా తుంపర పోవాలని పెట్టింది అది. ‘థ’ పొట్టలో చుక్క అక్షరంలో భాగమా, సిరా తుంపరా అన్నది దానికి తెలియదు. కాగితం మీద ఒక మిల్లీమీటరు ఉన్న చుక్క మీ ఫొటోలో ఐదు పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. అదే 600 డీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు) స్కాన్‌లో 24 పిక్సెళ్లు వస్తుంది, అంత తేలిగ్గా మాయం కాదు.

అందుకే ఇకపై స్కానింగే చేయండి. ఇంట్లో స్కానర్ లేకపోతే జిరాక్స్ షాపుకి వెళ్లి 600 డీపీఐ, గ్రేస్కేల్ పెట్టమని నోరు తెరిచి అడగండి. సర్టిఫికెట్లు స్కాన్ చేసే అలవాటులో తక్కువకే ఉంచేస్తారు. జేపెగ్ ఫైలు వద్దు, అక్షరం అంచుల చుట్టూ మురికి చేరుస్తుంది. పీఎన్‌జీ గానీ టిఫ్ గానీ అడిగి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. వాట్సాప్ తప్పదనుకుంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపించుకోండి. ఇంకో మాట. వానాకాలంలో మన వైపు కాగితం నెమ్ము పట్టి ఉబ్బుతుంది. స్కానర్ అద్దానికి అతుక్కోక నీడలు పడతాయి. ముందు రోజు రాత్రే బరువైన పుస్తకాల కింద పెట్టి ఉంచండి.

తర్వాత ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. స్కాన్‌ని అందులోకి తెచ్చి, పాత్ మెనూలో ట్రేస్ బిట్‌మ్యాప్ తెరవండి. బ్రైట్‌నెస్ కటాఫ్ విలువ పెంచితే అక్షరం లావవుతుంది, తగ్గిస్తే సన్నబడుతుంది. కాగితాన్ని పక్కన పెట్టుకుని చూస్తూ సరిచేయండి. స్పెకిల్స్ (ఇందాక చెప్పిన మరకలు తీసేసే సెట్టింగ్), స్మూత్ కార్నర్స్ (మూలలను గుండ్రంగా చేసేది) బాగా తగ్గించండి. సింప్లిఫై నొక్కకండి. తలకట్టు చివర బ్రష్ ఆరిపోతూ వదిలిన సన్నని చారలు ఉంటాయి చూడండి, ఆ మీట రెండుసార్లు నొక్కితే అవి చెరిగిపోయి, దుకాణంలో కొన్న ఫాంటులా నున్నగా అయిపోతుంది. మీ దగ్గరికి వచ్చి రాయించుకునేది ఆ చారల కోసమే కదా.

ట్రేస్ అయ్యాక దగ్గరగా జూమ్ చేసి ఒక్కొక్క అక్షరం చూడండి. ‘ఠ’, ‘థ’ల్లో చుక్కలు, ‘ధ’, ‘ఢ’, ‘ఫ’ల కింది గీతలు ఉన్నాయా? ‘శ్రీ’ మీద గుడిదీర్ఘం లోపలి ఖాళీ పూడుకుపోలేదు కదా? అన్నీ సరిగ్గా ఉంటే పీడీఎఫ్ చేసి షాపుకివ్వండి. ఇది వెక్టర్, అంటే పిక్సెళ్లతో కాకుండా గీతలతో ఉన్న బొమ్మ కాబట్టి పది అడుగులైనా నలభై అడుగులైనా అంచు చెదరదు. ఇంక్‌స్కేప్‌లో సేవ్ చేసిన ఎస్‌వీజీ ఫైలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

నరసాపురం నుంచి: నా చేతిరాతను ఫాంటుగా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. మీ ఊళ్లో పుట్టిన బాపు గారి చేతిరాత అలాగే ఫాంటుగా మారి శుభలేఖల మీదికి వచ్చింది. కానీ తెలుగు ఫాంటు అంటే యాభై ఆరు అక్షరాలు రాసేస్తే అయిపోయే పని కాదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో స్థానాలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకి ఉన్నవి 128 గడులే అయినా, ఫాంటులో ఒక్కో హల్లుకి తలకట్టుతో ఒక రూపం, తలకట్టు లేకుండా ఒకటి, కింద ఒత్తుగా ఒకటి కావాలి. ‘మొ’, ‘ఘొ’, ‘యొ’ లాంటివి మామూలు పద్ధతికి లొంగవు, విడిగా గీయాలి. మొత్తం వందల్లోకి వెళ్తుంది. ఫాంట్లు తయారుచేసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, దానితో మొదలుపెట్టండి. పాత డీటీపీ ఫాంట్లలా ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు పెట్టే దారి మాత్రం వద్దు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అంతా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది.

యానాం నుంచి: డిజిటల్‌గా రాయాలంటే ఐప్యాడ్ కొనక తప్పదా?

అక్కర్లేదు. ఐప్యాడ్ మీద బొమ్మలు గీసే ప్రొక్రియేట్ యాప్ వాడాలన్న పట్టుదల ఉంటేనే ఐప్యాడ్. లేదంటే కంప్యూటర్‌కి తగిలించే చిన్న పెన్ ట్యాబ్లెట్, ఉచితంగా వచ్చే క్రిటా అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. తెర వైపు చూస్తూ చేత్తో వేరేచోట రాయడం అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, కంగారుపడకండి.

ఆత్రేయపురం దగ్గరి నుంచి: పూతరేకుల పెట్టె మీదికని ఒక దుకాణానికి పేరు రాసిచ్చాను. ఇప్పుడు అవే అక్షరాలు బోర్డు మీద, కవర్ల మీద, టీషర్టుల మీద కూడా వేసుకున్నారు. అడగొచ్చా?

అడగండి, మొహమాటపడకండి. 1957 కాపీరైట్ చట్టం డ్రాయింగ్‌ని కళాకృతిగానే చూస్తుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు ఉంటుంది. గీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఆ హక్కు ఇంకొకరికి బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశమంతాగానూ తీసుకుంటారు. కాబట్టి ఇకనుంచి కొటేషన్‌లోనే ‘పెట్టెకు మాత్రమే, బోర్డుకు వేరే రేటు’ అని ఒక్క లైను రాసి, సంతకం తీసుకున్నాకే పని మొదలుపెట్టండి. పాత పనికైతే మొదట్లో మాట్లాడుకున్న మెసేజ్‌లు, తేదీలతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ముందు యజమానితో కూర్చుని మాట్లాడండి. మాట కుదరకపోతే అప్పుడు వకీలు దగ్గరికి ఆ ఫైళ్లతోనే వెళ్లండి.