టైటిల్ కార్డు మీద మన పేరు లేకపోతే మనం మాయమైనట్టేనా?

ప్రశ్న: మాది మహబూబాబాద్ దగ్గర పల్లెటూరు. బీటెక్ అయ్యాక సినిమా రచయిత అవుదామని హైదరాబాద్ వచ్చాను. 14 నెలలుగా ఒక డైరెక్టర్ దగ్గర రైటింగ్ టీమ్‌లో ఉన్నాను. కృష్ణానగర్‌లో నలుగురం ఒక రూమ్. నెలకు 15 వేలు, అదీ టైముకు రాదు. నేను రాసినవన్నీ మార్చేస్తున్నారు. ఈ మధ్య నత్తి ఉన్న పాత్ర మీద జోకులు రాయమంటే రాశాను. సిట్టింగ్‌లో (టీమ్ అంతా కూర్చుని సీన్లు చర్చించే చోట) అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రూముకొచ్చాక అన్నం సహించలేదు. యాస మార్చుకోమని కూడా అంటున్నారు. టైటిల్ కార్డులో పేరు వేస్తారో లేదో తెలియదు. ఇక్కడే ఉంటే నేను నేనుగా మిగలనేమోనని టెన్షన్. మానేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసుకోవాలా? నేను రాసిన సీనూ, వాళ్లు మార్చిన సీనూ పంపుతున్నాను.

జవాబు: రెండు సీన్లూ చదివాను. మీదాంట్లో, కొడుకును హైదరాబాద్ బస్సు ఎక్కించడానికి వచ్చిన నాన్న బస్టాండులో చిల్లర లెక్కపెడుతుంటాడు. లెక్క తప్పి మళ్లీ మొదలుపెడతాడు. కొడుకు చూసీ చూడనట్టు పక్కకు తిరుగుతాడు. చివరికి నాన్న ఒక్క మాటే అంటాడు, "పొద్దుగాల తిన్నవా బిడ్డా?" మార్చిన సీన్‌లో చిల్లర లేదు. నాన్న ఫుట్‌బోర్డు పట్టుకుని కష్టపడి పైకి రమ్మని ఎనిమిది లైన్లు చెప్తాడు. మీదే బాగుంది. మొహమాటానికి అంటున్న మాట కాదు.

కానీ దాన్ని మార్చినంత మాత్రాన మీకు అన్యాయం జరిగిందని నేననుకోను. ఆ కథ మీది కాదు. హీరో ఇంట్రడక్షన్ ఎక్కడ పడాలి, ఇంటర్వెల్ దాకా ఎంత నిడివి, ప్రొడ్యూసర్ నరేషన్‌లో ఏం విని ఒప్పుకున్నాడు, ఇవన్నీ చూసుకుని డైరెక్టర్ ఒక వెర్షన్ ఎంచుకుంటాడు. తప్పు వెర్షన్ కూడా ఎంచుకుంటాడు. ఇలా ఉత్తరాలకు జవాబులు రాసే పని మొదలుపెట్టకముందు నేనూ రెండేళ్లు ఒక డైలీ సీరియల్‌కు సీన్లు రాశాను. అత్తగారి చేత రోజుకు మూడుసార్లు "ఈ ఇంట్లో నా మాటే చెల్లాలి" అనిపించేవాణ్ణి. (చివరి రెండు నెలల డబ్బు ఇంకా రావాలి, అదో కథ.) దానివల్ల నేనేమీ పాడైపోలేదు. సీన్ ఎక్కడ ఆపితే చూసేవాళ్లు రేపు మళ్లీ టీవీ పెడతారో అక్కడే తెలిసింది.

నత్తి జోకుల సంగతి వేరు. అక్కడ మీకు నచ్చనిది రాయడమే కాదు, తప్పని తెలిసింది రాశారు. అన్నం సహించకపోవడం మంచి గుర్తే, అలాంటి రాతకు అలవాటు పడకండి. అలాగని సిట్టింగ్‌లో లేచి ఉపన్యాసం ఇవ్వమని చెప్పను. పదిమంది ముందు "ఇది తప్పు సార్" అంటే డైరెక్టర్‌కు పట్టుదల వస్తుంది, మీ కుర్చీకి ఎసరు వస్తుంది. తర్వాతిసారి రెండు వెర్షన్లు రాసుకుని వెళ్లండి. నత్తి ఉన్న అతను మాట పూర్తిచేసేలోపు అవతలివాడు తొందరపడి తప్పుగా అందుకుని ఇరుక్కుపోతే నవ్వు ఆ తొందరపడినవాడి మీదికి పోతుంది. "సార్, ఇదోసారి చూడండి" అని ముందు అది చదవండి. నా అనుభవంలో అక్కడ చాలామందికి దురుద్దేశం ఉండదు, సాయంత్రానికి పేజీ నిండాలి అంతే. ఇంకా నవ్వొచ్చే పేజీ ఇస్తే తీసుకుంటారు. రెండుమూడుసార్లు అలా ఇచ్చినా పాతదే కావాలంటే, ఆ సీన్ వేరేవాళ్లకు ఇవ్వమని డైరెక్టర్‌ను విడిగా కలిసి అడగండి. దానికే పంపేసేవాళ్లయితే ఆ టీమ్‌లో మీకు ఎక్కువకాలం పొసగదు.

యాస గురించి. తెలంగాణ మాటను మన సినిమాల్లో ఏళ్ల తరబడి కమెడియన్‌కో విలన్‌కో కట్టబెట్టారు, ఆ అలవాటు కొందరిలో ఇంకా పోలేదు. టీవీలో స్కిట్లు, సినిమాల్లో చిన్నచిన్న కామెడీ వేషాలు వేసిన వేణు ఎల్దండి 2023లో 'బలగం' తీసినప్పుడు చావింట్లో జనం మాట్లాడుకునే మాటనే తెరమీద పెట్టారు. అది ఊళ్లలో ఎట్లా ఆడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ మాట మార్చుకోకండి. అయితే గోదావరి పాత్రకు గోదావరి మాట, అనంతపురం పాత్రకు అక్కడి మాట రాయడం మాత్రం నేర్చుకోండి. మన యాసను ఎవరో వెక్కిరింపుగా రాస్తే మనకెంత మండుతుందో, వాళ్లదాన్ని మనం తప్పుగా రాస్తే వాళ్లకూ అంతే మండుతుంది.

టైటిల్ కార్డు విషయంలో బాధపడటం కంటే కాగితం చూసుకోవడం మేలు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఉంది (రెండూ 57లే, గుర్తుంటాయి). హక్కులు రాసిచ్చేశాక కూడా "ఇది నేను రాశాను" అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుందని అందులో ఉంది. హక్కులు వేరేవాళ్లకు ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్. జీతానికి పనిచేసే ఉద్యోగిగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు యజమానే. మీరు ఉద్యోగా, ఫ్రీలాన్సా? మీ ఉత్తరంలో తెలియలేదు, బహుశా మీకూ తెలియదు. ఈ వారమే కో-డైరెక్టర్‌ను అడిగి, పేరు ఏ హోదాతో పడుతుందో ఒక మెయిల్‌లో రాయించుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా సరే, ఏమీ లేకపోవడం కంటే నయం. షూటింగ్ అయ్యాక అడిగితే "చూద్దాంలే తమ్ముడూ" అంటారు. ఆ చూడటం ఎన్నటికీ అవదు.

మీ సొంత కథలకైతే ఇంకో జాగ్రత్త. చట్టం కాపాడేది ఐడియాను కాదు, రాసిన రూపాన్ని. టీ కొట్టు దగ్గర నోటితో చెప్పిన కథ లైన్‌కు దిక్కు లేదు. పూర్తి కథ రాసి, కాపీరైట్ ఆఫీసులో 500 రూపాయల ఫీజుతో రిజిస్టర్ చేయించొచ్చు. తప్పనిసరి కాదు, గొడవ వస్తే సాక్ష్యానికి పనికొస్తుంది.

ఇప్పుడు మీరు రాయని సంగతి. ఉత్తరంలో వాళ్లు ఏం రాయమన్నారో ఉంది, ఏం మార్చారో ఉంది. ఈ 14 నెలల్లో మీకోసం మీరు ఏం రాసుకున్నారో ఒక్క లైనూ లేదు. మీ భయానికి మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. రోజంతా ఇంకొకరి గొంతుతో రాసేవాడికి సొంత గొంతు వినబడే అరగంటైనా ఉండాలి. సిట్టింగ్ రాత్రి పదకొండుకు అయిపోతే తెల్లారి రాయండి. నలుగురున్న రూములో కుదరకపోతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. పోటీ పరీక్షల పిల్లలతో కిటకిటలాడుతుంది, అయినా తల వంచుకుని రాసుకునేవాణ్ణి ఎవరూ పలకరించరు.

సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడే వెళ్లొద్దు. వెళ్లడం తప్పని కాదు, అలసిపోయి వెళ్తే రెండేళ్లకు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. ఈ సినిమా పూర్తయ్యేదాకా ఉండండి. ఈలోగా ఓటీటీ సిరీస్‌లకు తెలుగు డబ్బింగ్ డైలాగులో, సబ్‌టైటిల్సో, యాడ్ స్క్రిప్టులో ఏదో ఒక రెండో పని పట్టుకోండి. నాలుగు నెలల అద్దె, మెస్ బిల్లు చేతిలో ఉన్నవాడు వద్దని చెప్పే తీరే వేరుగా ఉంటుంది. ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఆ బస్టాండ్ సీన్‌ను మాత్రం అలాగే తీసుకుని వేరేచోట వాడకండి, అది వాళ్ల కథలో పుట్టింది. కానీ ఆ నాన్న మీ నాన్నే కదా? బస్సు వెళ్లిపోయాక ఆయన జేబులో ఎంత మిగిలింది, ఊరికి ఎట్లా వెళ్లాడు, ఇంటికెళ్లి మీ అమ్మకు ఏం చెప్పాడు? అది రాసి పంపండి, చదువుతాను.