ఊరివాళ్ల కలివిడితనానికీ ఓటుకూ సంబంధం ఉందా?

ప్రశ్న: మా అబ్బాయికి డల్లాస్‌లో ఒకటి, సియాటిల్‌లో ఒకటి ఉద్యోగాలు వచ్చాయి. టెక్సస్ రిపబ్లికన్ల రాష్ట్రం, బయటివాళ్లను దగ్గరికి రానివ్వరు, సియాటిల్ డెమొక్రాట్ల ఊరు కాబట్టి అక్కడే నయం అంటున్నాడు మా మరిది. నిజమేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఆ లెక్కన ఊరు ఎంచుకోకండమ్మా. డల్లాస్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా షాపులో బిల్లు కౌంటర్ దగ్గర నిలబడి ఏ ఊరు, ఎప్పుడొచ్చారు అంటూ మాట కలుపుతారు. సియాటిల్‌లో ఆఫీసువాళ్లు మర్యాదగానే ఉంటారు, "ఓసారి కలుద్దాం" అని కూడా అంటారు గానీ ఆ ఓసారి ఎప్పటికీ రాదని కొత్తగా వెళ్లినవాళ్లు వాపోతుంటారు, దానికి 'సియాటిల్ ఫ్రీజ్' అని పేరే పడిపోయింది.

అలాగని కలివిడితనమంతా రిపబ్లికన్లదే అనుకోవద్దు. 1976 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ డెమొక్రాట్లకే వేసిన మిన్నెసోటాకి మర్యాదస్తుల రాష్ట్రమని పేరు. అసలు టెక్సస్ సంగతే చూడండి. 'ఫ్రెండ్‌షిప్' అనే మాటను 1930లో రాష్ట్ర నినాదంగా పెట్టుకున్నప్పుడు అది డెమొక్రాట్ల కంచుకోట! 1976లో కార్టర్ తర్వాత ఆ పార్టీ అభ్యర్థి ఎవరూ అధ్యక్ష ఎన్నికల్లో అక్కడ గెలవలేదు. పార్టీ మారింది, పలకరింపు అలాగే ఉంది. పైగా డల్లాస్ కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, అధ్యక్ష ఎన్నికల్లో 2008 నుంచి డెమొక్రాట్ల వైపే ఉంది, మీ మరిది ఆ సంగతి చూసినట్టు లేరు.

రాజకీయం అడ్డొచ్చేది వేరేచోట, ఆ ఆదరణ ఎవరికి దక్కుతుందన్న దగ్గర. అతిథి మర్యాదలకు పేరుపడ్డ టెక్సస్ లాంటి దక్షిణ రాష్ట్రాల్లోనే నల్లవాళ్లకు చాలా హోటళ్లలో గది ఇచ్చేవారు కాదు. ప్రయాణంలో ఎక్కడ దిగొచ్చో చెప్పడానికి 1936 నుంచి 'గ్రీన్ బుక్' అని వాళ్లకోసం విడిగా ఒక పుస్తకం వేయాల్సి వచ్చింది, ఆ వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది 1964లో. ఎంత బాధాకరం! అందుకే నవ్వుతూ పలకరిస్తే చాలదు, మన రంగు మనిషి పక్కింట్లో దిగితే ఎలా చూస్తారో ఆ పేటలో ఉంటున్న మనవాళ్లనే అడిగించండి. రెండు చోట్లా తెలుగువాళ్లు బోలెడుమంది ఉన్నారు.

ఇంకో మాట, డిసెంబర్‌లో సియాటిల్‌లో సాయంత్రం నాలుగున్నర కాకుండానే పొద్దు గుంకిపోతుంది, దానికితోడు ముసురు. ఒంటరిగా ఉంటే దిగులుపడే పిల్లాడైతే అది ఆలోచించాల్సిందే. డల్లాస్‌లో కారు లేకపోతే చాలాచోట్ల ఇంట్లోంచి కదలడం కష్టం, కాబట్టి వెళ్లేలోపు డ్రైవింగ్ బాగా నేర్చుకోమనండి.