మీ అమ్మ తన బిడ్డను చూసుకుంటోంది, మరి మీ బిడ్డను?

ప్రశ్న: నాకు బీపీ పెరిగిపోవడంతో 29వ వారంలోనే ఆపరేషన్ చేసి పాపను తీశారు. పుట్టినప్పుడు 1,150 గ్రాములు. ఐదో రోజుకు 1,030కి దిగింది. ఇవాళ 18వ రోజు, 1,190 ఉంది. సీప్యాప్ (ముక్కులోకి గాలి పంపి ఊపిరికి సాయపడే మిషన్) తీసేశారు, మళ్లీ పెట్టారు. మధ్యమధ్య ఊపిరి ఆపేస్తోందట. నేను పుట్టింట్లో ఉన్నాను, హాస్పిటల్ ముప్పై కిలోమీటర్లు. పచ్చి బాలింతనని అమ్మ గడప దాటనివ్వడం లేదు. మావారు డ్యూటీ అయ్యాక వెళ్లి ఫొటోలు పంపుతారు. పాపను నేను రెండుసార్లే చూశాను. నా పాలు కూడా తగ్గిపోయాయి. అత్తగారేమో ‘మా వంశంలో ఇలాంటి పుట్టుక లేదు, 21వ రోజు బారసాల ఎలా చేస్తారు’ అని దెప్పుతున్నారు. ఆవిడకు ఏమని సమాధానం చెప్పాలి?

జవాబు: ఏమీ చెప్పకండి. బారసాల పాప ఇంటికొచ్చాక మంచిరోజు చూసి చేసుకోవచ్చు. వంశం మాటకు ఈ నెలలో జవాబు వెతుక్కునే తీరిక మీకు లేదు.

మీ ఉత్తరం నిండా అత్తగారే ఉన్నారు. నాకు మాత్రం అడ్డం కనిపిస్తున్నది మీ అమ్మగారు. ఆవిడ చెడ్డవారని కాదు. కడుపు కోసిన కూతురు కదలకూడదని ఆవిడ ఆరాటం. అంటే ఆవిడ తన బిడ్డను కాపాడుకుంటున్నారు. మీరు కూతురిగా మాట వింటున్నారు సరే, మీ బిడ్డకు తల్లిగా అక్కడ ఎవరున్నారు? సాయంత్రం పూట ఒక ఫోన్ కెమెరా.

ముందు ఆ అంకెల సంగతి. అయిదు రోజుల్లో తగ్గిన 120 గ్రాములు చాలావరకు ఒంట్లోని నీరు. నెలలు నిండని పిల్లలు పుట్టిన బరువుకు మళ్లీ చేరడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఇక్కడి నుంచి రోజుకు 18–20 గ్రాములు పెరిగితే పాప దారిలో ఉన్నట్టే. రోజూ గ్రాముల కోసం ఫోన్ పట్టుకుని కూర్చోకండి, వారానికి ఎంత పెరిగిందో చూడండి.

ఊపిరి ఆగడానికి కారణం మెదడులో శ్వాసను నడిపే భాగం ఇంకా పక్వానికి రాకపోవడం. కడుపులో ఉన్నవీ కలిపి లెక్కేస్తే పాపకిప్పుడు సుమారు 31 వారాల 4 రోజులు. ఈ ఆగడం ఎక్కువమందిలో 34 వారాల ప్రాంతంలో తగ్గుతుంది. అందాకా కెఫీన్ మందు ఇస్తారు, అవును, కాఫీలో ఉండేదే. ఊపిరి 20 సెకన్లు ఆగినా, ఆ లోపే గుండె వేగం పడిపోయినా మానిటర్ మోగుతుంది, సిస్టర్ వచ్చి అరికాలు తడతారు. కాబట్టి మీరు అడగాల్సింది ‘ఆగిందా’ అని కాదు. నిన్న ఎన్నిసార్లు ఆగింది, తనంతట తాను తీసుకుందా, తట్టాల్సి వచ్చిందా? రోజుకు రెండుసార్లు ఆగేది ఒక్కసారిగా ఎనిమిదికి పెరిగినా, పొట్ట ఉబ్బినా, పాప డీలా పడినా ఇన్ఫెక్షన్ అనుమానించి పాలు ఆపి రక్తపరీక్షకు పంపుతారు. సీప్యాప్ మళ్లీ పెట్టడం మాత్రం ఈ వయసులో తరచూ జరిగేదే.

ఇక పాలు. ఈ బరువుకు రోజుకు సుమారు 180 మిల్లీలీటర్లు కావాలి. రెండు గంటలకోసారి 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీ చెంచాలు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కుదిరేది 34 వారాలప్పుడు, అందుకే ఇప్పుడు గొట్టం. ‘గొట్టంతో పడుతున్నారుగా, నీ పాలెందుకు’ అని ఎవరన్నా నమ్మకండి. నెలలు నిండని పిల్లల పేగును కుళ్లబెట్టే జబ్బు ఒకటుంది. తల్లిపాలు తాగే పిల్లల్లో అది తక్కువ.

పాలు తగ్గింది ఒంట్లో లోపంతో కాదు, తీయకపోవడంతో. 24 గంటల్లో కనీసం ఎనిమిదిసార్లు తీయాలి, అందులో ఒకటి రాత్రి రెండుకూ నాలుగుకూ మధ్య. ఒక్కో విడత 15–20 నిమిషాలు. చేత్తో తీసేటప్పుడు బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, చనుమొనకు రెండు వేళ్ల వెడల్పు వెనక ఆనించాలి. ముందు ఛాతీవైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరకు తేవాలి. చనుమొనను లాగితే పుండు పడుతుంది, పాలు రావు. ఉడకబెట్టిన స్టీలు గిన్నెలోకి తీసి, మూత మీద టైము రాసి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. 24 గంటల్లోపు వాడేయాలి, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలోనే తీసుకెళ్లాలి. మన ఎండలకు బయట ఉంచొద్దు. మొదటి మూడు రోజులు గిన్నె అడుగు తడిసేంతే వచ్చినా మానకండి. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందన్న పత్యం పక్కన పెట్టి దాహమైనంత తాగండి.

పాలు పెరగడానికి మరో దారి, పాపను గుండెల మీద పడుకోబెట్టుకోవడం. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతి ఇదే. 2021లో వెలువడిన ఐదు దేశాల అధ్యయనంలో (మన దేశమూ ఉంది) పుట్టగానే ఇలా మొదలుపెట్టిన 1 నుంచి 1.8 కిలోల లోపు పిల్లల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. సీప్యాప్ ఉన్నా చాలాచోట్ల చేయిస్తారు, పాప నిలకడ చూసి డాక్టర్ సరే అనాలి. స్నానం చేసి, గాజులూ ఉంగరాలూ తీసి, ముందు తెరుచుకునే నైటీ వేసుకుని వెళ్లండి. పాపకు టోపీ, సాక్సులు, డైపర్ మాత్రమే. నిలువుగా, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొద్దిగా పైకి. గడ్డం ఛాతీకి ఆనితే గాలిదారి మూసుకుపోతుంది. ఒక్కసారికి గంటకు తక్కువ వద్దు. నిమరకండి, అంత లేత చర్మం ఓర్చుకోలేదు. ఒక అరచెయ్యి తలమీద, ఇంకోటి పాదాల కింద కదలకుండా ఉంచితే చాలు. మీకు ఓపిక లేని పూట మీవారు చొక్కా విప్పి కూర్చోవచ్చు. ఫొటోలు తీయడం కంటే అది మేలు.

రోజూ అరవై కిలోమీటర్లు తిరగడం మీ కుట్లకు మంచిది కాదు, అమ్మ భయంలో ఆ మాత్రం న్యాయం ఉంది. హాస్పిటల్లో తల్లులకు గదో హాలో ఉందేమో కనుక్కోండి, లేదా దగ్గర్లో అద్దెకు తీసుకోండి. ‘అమ్మా, నన్ను చూసుకోవాలంటే నువ్వే అక్కడికి రా’ అనండి. వండిపెట్టడానికీ, పాలడబ్బా మోయడానికీ ఆవిడ కావాలి. వద్దంటే మీవారితో బయల్దేరండి, అనుమతి కోసం ఆగొద్దు. మీ బీపీ మాత్రలు మాత్రం మానకండి. విపరీతమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా వెంటనే చూపించుకోవాలి.

రేపు వెళ్లగానే ఇంకొకటి అడగండి. 1,200 గ్రాముల లోపు పుట్టిన పిల్లలకు కంటి రెటీనా (కంటి లోపల వెనక పొర) పరీక్ష రెండు, మూడు వారాల మధ్యే మొదలవ్వాలి. పాపకు 18 రోజులు నిండాయి. చేశారా, లేకపోతే కంటి డాక్టర్ ఏ రోజు వస్తారో కనుక్కుని కాగితం మీద రాసుకోండి.