బొబ్బిలిలో కేబుల్ పని మొదలుపెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడిని ఆశీర్వదించి నరసన్నపేట నుంచి మీ అత్తయ్య రాయునది.

బొబ్బిలి వైపు ఫైబర్ కేబుల్ వేసే కాంట్రాక్టు నీకు దక్కిందని మీ అమ్మ ఫోనులో చెప్పగానే గర్వపడ్డాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. స్తంభాలెక్కే పిల్లలే కళ్ల ముందు మెదిలారు.

జీఎస్టీ, వాహనాల బీమా సంగతులు నీకు తెలిసినవే. ఫైబర్ పోగులను అతికే స్ప్లైసింగ్ యంత్రాన్ని బీమాలో అసలు విలువకే రాయించు. ప్రీమియం తగ్గుతుందని 4 లక్షల యంత్రాన్ని 2 లక్షలకు రాయిస్తే, సగం విలువకే బీమా ఉందని లక్ష నష్టానికి 50 వేలే చేతికిస్తారు.

మీ మావయ్య విషయంలో ఏం జరిగిందో నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక, ఉద్దానంలో తెగిపోయిన కేబుళ్లను మళ్లీ వేసే పని ఆయనకు వచ్చింది. పని జరిగేచోట వచ్చే నష్టాలకు కాంట్రాక్టర్లు తీసుకునే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్ పాలసీ తీసుకుని, అందులో థర్డ్ పార్టీ నష్టం కూడా ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నారు. ఆ భాగం దారిన పోయేవారికీ, ఇతరుల ఆస్తికీ జరిగే నష్టానికే తప్ప, పనిలో ఉన్న మన మనుషులకు వర్తించదన్న షరతు ఆ కాగితాల్లోనే ఉంది, ఆయన చదవలేదు. కేబుల్ లాగుతున్న కుర్రాడొకడు స్తంభం మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. అతను మేస్త్రీ తెచ్చిన మనిషే అయినా, పని అప్పగించినవారు కూడా బాధ్యులేనని చట్టం చెబుతుంది కనుక పరిహారం మా మీదే పడింది. తుఫానుకు సగం కూలిన జీడితోటను అయినకాడికి అమ్మి కట్టాము. డబ్బు సంగతి అటుంచు, ఆ కుర్రాడి తల్లికి ముఖం చూపలేక మీ మావయ్య ఆసుపత్రి వరండాలోనే నిలబడిపోయారు.

అందుకే ఉద్యోగుల పరిహార పాలసీని విడిగా తీసుకో. మేస్త్రీల మనుషులనూ, రోజుకూలీలనూ అందులో చేర్చి, అసలు కూలీ ఎంతో, స్తంభాలెక్కే పని ఉందో లేదో దాచకుండా రాయించు. లైనులో కరెంటు ఆపామని సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) అందనిదే ఒక్కరినీ స్తంభం ఎక్కించకు. గడువు ముంచుకొస్తోందని నువ్వు చెప్పే సాకులు నేను వినను.

తవ్వకంలో పాత కేబులో నీటి పైపో తెగితే, అవి ఎక్కడున్నాయో ముందే సంబంధిత శాఖలను అడిగినట్టు ఆధారం చూపమంటారు బీమా కంపెనీవారు. 2023లో కేంద్రం తెచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో తెలియజేసి, ఆ నకలు ఫైలులో పెట్టుకో. ఫోనులో ఎవరో సరేనన్నారని గునపం వేయించకు.

నాయనా, సంతకం చేసే ముందు పాలసీ కాగితాలన్నీ నాకు పంపు. కొత్త కళ్లద్దాలు వచ్చాయి, చిన్న అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. మినహాయింపుల పేజీ నుంచే మొదలుపెడతాను.