జీటీఏ వీడియో గేముల్లో వైస్ సిటీ హీరో టామీ, జీటీఏ 5 హీరోల్లో ఒకడైన ఫ్రాంక్లిన్ ఒకే లోకంలోని వాళ్లేనా?

కాదండి. ఈ ఆటలు తీసే రాక్‌స్టార్ కంపెనీ వాళ్లే 2011లో తేల్చేశారు. మొదట్లో వచ్చిన 2డీ ఆటలు ఒక లోకం, జీటీఏ 3 నుంచి వచ్చిన 3డీ ఆటలు (వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ కూడా వీటిలోవే) ఇంకోటి, జీటీఏ 4 నుంచి హెచ్‌డీ ఆటలు మరోటి. బ్రాండ్ పేర్లు, రేడియో, వెనక వినబడే చిన్నాచితకా పాత్రలు అటూ ఇటూ తిరగొచ్చు గానీ అసలు పాత్రలు గడప దాటరు.

మేమైతే ఈ గొడవ చాలా ముందే మొదలుపెట్టాం. 2006 ప్రాంతంలో వైజాగ్ మద్దిలపాలెంలో ఒక నెట్ సెంటర్‌లో గంటకి 15 రూపాయలిచ్చి శాన్ ఆండ్రియాస్ ఆడేవాళ్లం. అందులోని లాస్ శాంటోస్ అనే ఊరి వీధుల్లో టామీ తిరిగేవాడు! 1986లో వైస్ సిటీని ఏలినవాడు 1992కల్లా దివాలా తీసి ఇక్కడికొచ్చాడని నేను. కాదు, పోలీసులకి దొరక్కుండా దాక్కున్నాడని మా పిన్ని కొడుకు. నెల రోజులు మాటల్లేవు మా ఇద్దరికీ. చివరికి సెంటర్ అన్నయ్య నవ్వాపుకోలేక, "ఒరేయ్, అది మోడ్‌రా, ఆటలో బయటివాళ్లు చేసే మార్పు, నేనే వేశాను" అన్నాడు. పైగా ఆ కాపీలో సైజు తగ్గించడానికి మాటలన్నీ పీకేశారు. పెదాలు కదిలేవి, మాట వినబడేది కాదు. కథంతా మేం అల్లుకున్నదే. తర్వాత జీటీఏ 3 ఆడినప్పుడు అందులో హీరో క్లాడ్ నోరు విప్పకపోతే ఇదీ అలాంటి కాపీయే అనుకున్నా. వాడు నిజంగానే మాట్లాడడట.

ఒరిజినల్ ఆడాక తెలిసింది, 3డీ ఆటల మధ్య అతుకులు ఎంత గట్టివో. శాన్ ఆండ్రియాస్ హీరో సీజేని వదిలేసి, అతని ప్రేయసి కాటలినా క్లాడ్‌తో వెళ్లిపోతుంది. సీజే రేసులో క్లాడ్‌ని ఓడించే శాన్ ఫియెరో ఊళ్లో గ్యారేజీ సంపాదిస్తాడు. అదే కాటలినా జీటీఏ 3 మొదట్లో బ్యాంకు దోపిడీ అయ్యాక క్లాడ్‌ని కాల్చి పారిపోతుంది. టామీ లాయరు రోజెన్‌బర్గ్ శాన్ ఆండ్రియాస్‌లో లాస్ వెంచురాస్ ఊరి కాసినోలో తేలతాడు.

జీటీఏ 4 దగ్గర ఈ దారం తెగిపోయింది. జీటీఏ 3లోని ఊరు లిబర్టీ సిటీ ఇందులోనూ ఉంది, పేరు అదే. కానీ అందులోని పాత ప్రాంతాలు పోర్ట్‌లాండ్, స్టాంటన్ పోయి బ్రోకర్, ఆల్గాంక్విన్ వచ్చాయి. మన బీచ్ రోడ్డుని తీసుకెళ్లి సింహాచలం కొండ వెనక పెడితే అది వైజాగ్ అంటామా? నాకు మ్యాపే పెద్ద సాక్ష్యం. జీటీఏ 5లో సీజే వీధి అయిన గ్రోవ్ స్ట్రీట్‌కి వెళ్లేటప్పుడు సీజే బృందాన్ని పోలిన ముగ్గురు సైకిళ్ల మీద కనబడటం అభిమానుల కోసం వేసిన సరదా, అంతే.

ఒక్క విల్లీ దగ్గరే నాకూ చిక్కు. వైస్ సిటీలో లవ్ ఫిస్ట్ బ్యాండ్‌లో ఉన్నవాడు జీటీఏ 5లో మళ్లీ వస్తాడు, వాడి బంగారు పన్ను ఆ ఆట హీరోల్లో ఒకడైన ట్రెవర్ ఊడగొడతాడు. ఈమధ్య పెళ్లిలో కలిసినప్పుడు కూడా మా పిన్ని కొడుకు ఆ పన్ను పట్టుకునే వాదించాడు.