అమెరికా కాలేజీ పరుగు పందాల్లో మీటర్లా, మైళ్లా?

మీ అబ్బాయి అవుట్‌డోర్‌లో 1500 మీటర్లు, ఇండోర్‌లో మైలు పరిగెడుతున్నాడని, ఒకే కాలేజీలో ఈ రెండు లెక్కలేంటని అడిగారు. ఎమ్మెస్ చేసేటప్పుడు నాకు క్యాంపస్ ఉద్యోగం ట్రాక్ మీట్లలోనే దొరికింది. లాంగ్‌జంప్ దగ్గర టేపు పట్టడం, ఇసుక చదును చేయడం నా పని.

రూల్స్ ప్రకారం అక్కడ దాదాపు అంతా మీటర్లే. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ పెట్టే అవుట్‌డోర్ ఛాంపియన్‌షిప్ 1976లో గజాలను పూర్తిగా వదిలేసింది. అంతకుముందు 440 గజాలు, 880 గజాలు ఉండేవి. ఒలింపిక్స్ జరిగే ఏడాది మాత్రం మీటర్లలో పెట్టేవాళ్లు. ఇండోర్ ఛాంపియన్‌షిప్‌లో పాత కొలతల పరుగు పందాల్లో ఇప్పుడు మైలు ఒక్కటే మిగిలింది. 200 మీటర్ల ట్రాక్ మీద అది ఎనిమిది రౌండ్లు, పైన 9.34 మీటర్లు. ఇంత ఇబ్బందికరమైన దూరాన్ని ఎందుకు ఉంచారంటే, మైలును నాలుగు నిమిషాల్లోపు పరిగెత్తాలన్న మోజు. 1954లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లండ్ రన్నర్ రోజర్ బానిస్టర్ మొదటిసారి ఆ గీత దాటి 3:59.4లో మైలు పూర్తి చేసినప్పటి నుంచి అది పోలేదు. 1500ని 3:42లో పరిగెత్తినా దాదాపు అంతే ఘనత, కానీ స్టాండ్స్‌లో ఎవరూ లేచి నిలబడరు! హైస్కూళ్లు మాత్రం మధ్యేమార్గంగా 1600 పెట్టుకున్నాయి.

ఫీల్డ్ ఈవెంట్లలో ఇంకా తమాషా. మేం కొలిచేది మీటర్లలో, పిల్లలు అడిగేది అడుగుల్లో. ఒక కుర్రాడు 7.31 దూకాడు. అంటే 23 అడుగుల 11¾ అంగుళాలు. 24 అడుగులు అనిపించుకోవాలంటే 7.32 ఉండాలి. పతకం వచ్చిన సంగతే పట్టించుకోకుండా, ఆ ఒక్క సెంటీమీటరు కోసం సాయంత్రమంతా మొహం మాడ్చుకుని తిరిగాడు. మనం మాత్రం తక్కువా, పెళ్లిచూపుల్లో ఎత్తు అడుగుల్లోనే చెప్తాం కదా.

ఇక మీటర్ల ముసుగులో ఉన్న పాత కొలతలు చాలానే ఉన్నాయి. మగవాళ్ల 110 మీటర్ల హర్డిల్స్‌లో ఒక హర్డిల్‌కీ ఇంకోదానికీ మధ్య 9.14 మీటర్లు, అంటే పది గజాలు. షాట్‌పుట్ గుండు 7.26 కిలోలు, అంటే 16 పౌన్లు. పిడి ఉన్న బరువైన గుండును విసిరే ఇండోర్ వెయిట్ త్రో అయితే ముసుగు కూడా లేదు, నేరుగా 35 పౌన్లే.

మీ అబ్బాయి టైమ్‌లు పోల్చాలంటే 1500 టైమును సెకన్లలోకి మార్చి 1.08తో గుణించండి, మైలు టైము సుమారుగా వస్తుంది. 3:47 పరిగెడితే మైలు 4:05 దగ్గర ఉంటుంది. కోచ్‌లు కూడా ఇలాగే అంచనా వేసుకోవడం చూశాను.