వారాంతాల్లో మాత్రమే మెత్ వాడతానంటున్న తమ్ముడి గురించి అడిగిన అక్కకు

మీ తమ్ముడికి 24 ఏళ్లు. ఆరు నెలలుగా మెత్, అంటే మెథాంఫెటమైన్ అనే మత్తుమందు, వాడుతున్నట్టు మీ దగ్గర ఒప్పుకున్నాడు. వారాంతాల్లో మాత్రమేనని, పొగ పీల్చడమే తప్ప సూది జోలికి పోలేదని, కాబట్టి భయపడాల్సింది ఏమీ లేదని అంటున్నాడు. ఇది నిజమా, అతనితో ఎలా మాట్లాడాలి అన్నది మీ ప్రశ్న.

నేను డాక్టర్‌ను కాను. నాలుగేళ్లు వాడి, మానేసి ఏడేళ్లయిన మనిషిని. మొదటి ఏడాది నేనూ వారాంతాల్లోనే వాడాను. మీ తమ్ముడు మీతో అన్న మాటే మా అక్కతో అన్నాను, ఇంచుమించు అవే పదాల్లో. అప్పుడు నేను అబద్ధమాడలేదు, తిరకాసంతా అక్కడే ఉంది. శుక్రవారం రాత్రి పీలిస్తే ఆదివారం తెల్లవారేదాకా రెప్ప పడేది కాదు. సోమ, మంగళవారాలు మంచం మీద మొద్దులా పడి ఉండగానే గడిచేవి. బుధవారం ఎవరు పలకరించినా కసురుకునేవాణ్ణి. గురువారం వచ్చేసరికి మనసంతా శుక్రవారం మీదే. వారంలో నాది అని చెప్పుకోగల రోజు ఒక్కటీ మిగలడం లేదని గ్రహించడానికే ఏడాది పట్టింది. అప్పటికి నా శుక్రవారం జరుగుతూ జరుగుతూ బుధవారం దగ్గరికి వచ్చేసింది.

మెత్ మొదట పట్టుకుపోయేది నిద్రను. మిగతా అనర్థాల్లో చాలా వాటికి దారి అక్కడి నుంచే పడుతుంది. ఒంట్లోకి వెళ్లిన మెథాంఫెటమైన్‌లో సగం తగ్గడానికి సుమారు 10 నుంచి 12 గంటలు పడుతుంది. మిగిలిన దానిలో సగం తగ్గడానికి మళ్లీ అంత సమయం. కొకైన్ విషయంలో ఇది గంట, గంటన్నర మాత్రమే. పైగా మెదడు కణాలు దాచుకున్న డోపమైన్ (ఉత్సాహాన్ని, సంతోషాన్ని నడిపే రసాయనం) నిల్వలను మెత్ బయటికి తోసేస్తుంది, బయటపడిన డోపమైన్‌ను కణాలు తిరిగి తీసుకోకుండా అడ్డుపడుతుంది. వారం పాటు కొద్దికొద్దిగా ఖర్చు కావలసిన ఉత్సాహం ఒక్క రాత్రిలో ఖర్చవుతుంది అనుకోండి. శాస్త్రవేత్తలు ఈ పోలికను ఒప్పుకోకపోవచ్చు గానీ సోమవారం ఉదయం నాకు అచ్చం అలాగే ఉండేది.

నిజానికి దీన్ని మనుషులు వాడుకున్నదే నిద్ర చంపడానికి. 1893లో జపాన్ రసాయన శాస్త్రవేత్త నాగై నాగయోషి దీన్ని తొలిసారి తయారుచేశాడు. 1938లో జర్మనీలో పెర్విటిన్ అనే పేరుతో మాత్రలుగా అమ్మకానికి వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు మేలుకొని ఉండటానికి వాటిని మింగారు. యుద్ధం ముగిశాక జపాన్‌లో ఈ మందు జనంలోకి పాకి పెద్ద సమస్య అయింది. దాన్ని అదుపు చేయడానికి 1951లో అక్కడ చేసిన చట్టంలో ఈ మత్తుకు పెట్టిన పేరుకు అర్థం ‘మేలుకొలిపే మందు’. అంతకంటే సరైన పేరు నాకు ఇంతవరకు కనిపించలేదు.

‘అమెరికాలో దీన్ని డాక్టర్లే రాస్తారు కదా’ అని మీ తమ్ముడు అనవచ్చు. నేను అనేవాణ్ణి. నిజమే, ఏకాగ్రత లోపించే ఏడీహెచ్‌డీ అనే సమస్యకు అక్కడ అరుదుగా ఇస్తారు. కొద్ది మిల్లీగ్రాముల మాత్ర, నోటి ద్వారా, వైద్యుడి పర్యవేక్షణలో. మాత్ర మెల్లగా రక్తంలో కలుస్తుంది. పొగ అయితే ఊపిరితిత్తుల నుంచి కొన్ని సెకన్లలో మెదడును తాకుతుంది. ఎంత వేగంగా తాకితే వ్యసనం అంత గట్టిగా పట్టుకుంటుంది. ఆ వేగంలో పొగకూ సూదికీ పెద్ద తేడా లేదు. సూదితో హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటివి అదనంగా వస్తాయి, అంతే. కాబట్టి ‘సూది వాడటం లేదు’ అన్న మాటలో సగం నిజం ఉంది. వ్యసనానికి సంబంధించిన సగంలో మాత్రం లేదు.

నిద్ర సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే నాకు మతి తప్పింది అక్కడే. మూడో ఏడాది ఒకసారి నాలుగు రోజులు కంటి మీద కునుకు లేదు. గోడ అవతల ఎవరో నా పేరు చెప్పుకుంటున్నారు. గుసగుసలు కావు, స్పష్టమైన మాటలు. నా ఫోనులో ఎవరో మైకు పెట్టారని నమ్మి, దాన్ని విప్పి ముక్కలు ముక్కలుగా మంచం మీద పరిచాను. ఎడమ చేతి చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అనిపించి గోళ్లతో గీరుతూ కూర్చున్నాను. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అక్క గది తలుపు తట్టినప్పుడు ఆమె కూడా వాళ్లతో కలిసిపోయిందని గట్టిగా నమ్మాను. ఆ క్షణంలో నా చేతిలో ఏముంటే దానితో ఏం చేసేవాణ్ణో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

దీన్ని సైకోసిస్ అంటారు. చూడటానికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకూ దీనికీ తేడా తెలియదు. చాలామందిలో మెత్ ఆపి, నిద్రపోతే కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొద్దిమందిలో తగ్గదు. ఒకసారి వచ్చినవారికి తర్వాత తక్కువ మోతాదుతోనే, ఒక్కోసారి కేవలం మానసిక ఒత్తిడితోనే తిరగబెట్టవచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇంత గొడవగా కనిపించే జబ్బు కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది చప్పుడు చేయని గుండె జబ్బు. మెత్ డోపమైన్‌తో పాటు, ఒంటిని పరుగుకో పోట్లాటకో సిద్ధం చేసే నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని కూడా వదులుతుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది, గుండె పరిగెడుతుంది, అదీ గంటల తరబడి. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవారికి కూడా దీనివల్ల గుండెపోటు, మెదడులో రక్తస్రావం వస్తాయి. ఏళ్ల తరబడి వాడితే గుండె కండరం సాగి, నీరసించిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం రావడం నిద్ర లేకపోవడం వల్లేనని సరిపెట్టుకున్నాను. ఎకో (గుండె స్కాన్) పరీక్ష చేస్తే, గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టేది 35 శాతమే అని తేలింది. మామూలుగా అది 55కు పైన ఉండాలి. అప్పుడు నాకు 29. మానేశాక, మందులతో, రెండేళ్లలో 50కి వచ్చింది. అందరికీ అలా రాదని డాక్టర్ ముందే చెప్పారు, ఇప్పటికీ రెండు మాత్రలు వేసుకుంటున్నాను.

పళ్లు రాలిపోయిన, ముఖాలు పీక్కుపోయిన ‘ముందు, తర్వాత’ ఫొటోలు మీకు ఎక్కడో కనిపించే ఉంటాయి. దయచేసి వాటిని మీ తమ్ముడికి చూపించకండి. అతను అద్దంలో చూసుకుంటాడు, తను అలా లేడు కాబట్టి మీరు చెప్పే మిగతావన్నీ కూడా అతిశయోక్తులే అనుకుంటాడు. నేను అలాగే అనుకున్నాను. ఆ పళ్ల సంగతి కూడా మందులోని యాసిడ్ తినేయడం వల్ల జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణాలు అంతకంటే మామూలువి: లాలాజలం ఎండిపోవడం, రాత్రంతా పళ్లు నూరడం, దాహానికి తీపి పానీయాలు తాగడం, రోజుల తరబడి పళ్లు తోమకపోవడం. నాకు పోయినవి రెండు దవడ పళ్లు, ఎవరికీ కనిపించవు.

‘మాత్రమే’ అన్న మాటను ఇంకోవైపు నుంచి కూడా ఆలోచించండి. ప్రాణం పోవడానికి ఏళ్ల అలవాటు అక్కర్లేదు. మెత్ వల్ల ఒంటి వేడి పెరిగి 40 డిగ్రీలు దాటితే కండరాలు విచ్ఛిన్నమై, ఆ వ్యర్థాలు మూత్రపిండాలను మూసేస్తాయి. వేడిగా ఉన్న గదిలో గంటల తరబడి ఆడినా, తిరిగినా ఇది ఒక్క రాత్రిలో జరగవచ్చు. మద్యంతో కలిపితే ఎంత తాగామో తెలియదు, ఎందుకంటే మెత్ ఆ మత్తును కప్పేస్తుంది, గుండెకు మాత్రం రెండు భారాలూ పడతాయి. కొన్ని దేశాల్లో మెత్‌లో ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ (నల్లమందు కోవకు చెందిన, ఊపిరి ఆపగల మందు) కలిసి వస్తోంది. అది కొన్నవాడికీ తెలియదు, చాలాసార్లు అమ్మినవాడికీ తెలియదు. మెత్ మోతాదు మించితే విరుగుడు మందు లేదు. ఫెంటనిల్‌కు నలోక్సోన్ ఉంది. అందుకే స్పృహ తప్పి, ఊపిరి అందక పడి ఉన్న మనిషికి నలోక్సోన్ దొరికితే ఇవ్వడమే మంచిది, ఓపియాయిడ్ లేకపోయినా దానివల్ల హాని జరగదు.

ఛాతీలో నొప్పి, ఒళ్లు కాలిపోవడం, మూర్ఛ, ముఖం ఒకవైపు వాలడం, మాట ముద్దగా రావడం, ఎప్పుడూ లేనంత తలనొప్పి: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి, అంబులెన్స్ పిలవండి. వేడి ఎక్కువగా ఉంటే అంబులెన్స్ వచ్చేలోపు బట్టలు వదులు చేసి, నీళ్లతో తడిపి గాలి తగిలేలా చేయండి. ఏం వాడాడో డాక్టర్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పరువు కోసం దాచిపెట్టిన అరగంట ప్రాణాల మీదికి తెస్తుంది. ఇతర మందులేమైనా వాడుతుంటే, ముఖ్యంగా డిప్రెషన్ మందులు, అవీ చెప్పండి. కొన్నింటికి మెత్‌తో అసలు పడదు.

ఇక మానడం. మొదటి వారం పది రోజులు విపరీతమైన నిద్ర, ఆకలి, నీరసం. ఇంట్లోవాళ్లు ఇది చూసి ‘హమ్మయ్య, దారిలో పడ్డాడు’ అనుకుంటారు. అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది, దాని గురించి నన్ను ఎవరూ హెచ్చరించలేదు. నిద్ర తీరింది, ఒంట్లోకి బలం వచ్చింది, కానీ దేనిలోనూ రుచి లేదు. ఇష్టమైన పాట వింటే చప్పుడులా ఉండేది. స్నేహితుడికి కొడుకు పుట్టాడని ఫోను వస్తే ‘సంతోషం’ అన్నాను, లోపల ఏమీ కదల్లేదు. నెలల తరబడి అంతే. జీవితాంతం ఇలాగే ఉంటానేమో అన్న నమ్మకం మనిషిని మళ్లీ మెత్ వైపు తోస్తుంది, లేదా ప్రాణం తీసుకునే ఆలోచన వైపు. మా అక్క సెలవు పెట్టింది నేను వాడుతున్న రోజుల్లో కాదు, మానేసిన రెండో నెలలో. ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు గానీ, సరైన సమయం పట్టుకుంది.

నాకు ఆ రోజుల్లో పట్టు దొరికింది ఒక పరిశోధన గురించి డాక్టర్ చెప్పినప్పుడు. 2001లో ప్రచురించారు. మెత్ వాడినవారి మెదళ్లను స్కాన్ చేస్తే, డోపమైన్‌ను తిరిగి లోపలికి తీసుకునే ప్రొటీన్లు బాగా తగ్గినట్టు కనిపించాయి. 12 నుంచి 17 నెలలు పూర్తిగా మానేసినవారిలో అవి చాలావరకు కోలుకున్నాయి. జ్ఞాపకశక్తి, కదలికల పరీక్షల్లో మాత్రం అదే స్థాయి మెరుగుదల కనిపించలేదు. దీన్ని నేను ‘ఏడాదిన్నర ఆగాలి’ అని అర్థం చేసుకున్నాను. పద్నాలుగో నెలలో ఒక సాయంత్రం వాన పడుతుంటే కిటికీ దగ్గర నిలబడి, బాగుందే అనుకున్నాను. అనుకున్నాక గానీ తెలియలేదు, ఆ మాట ఎన్నాళ్ల తర్వాత వచ్చిందో.

మెత్ వ్యసనానికే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇంకా లేదు. నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బ్యుప్రోపియాన్ మాత్ర కలిపి ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి: మందు తీసుకున్నవారిలో 13.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 2.5 శాతం మందికి గుణం కనిపించింది. అద్భుతమేమీ కాదు, కానీ శూన్యం కూడా కాదు. ఇప్పటివరకు ఎక్కువగా పనిచేసినది వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది: మూత్ర పరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇస్తారు. నాకు చెప్పినప్పుడు అవమానంగా అనిపించింది. మూడో వారానికి ఆ బహుమతి కోసం ఎదురుచూస్తున్నాను. ఏ సంతోషమూ తెలియని మెదడుకు ఆ చిన్న గెలుపు కూడా దొరకని వస్తువే. దానితో పాటు కౌన్సెలింగ్ కూడా ఉండాలి. వ్యసనాలు చూసే మానసిక వైద్యుల దగ్గర అడగండి.

మాట్లాడటం గురించి. మత్తులో ఉన్నప్పుడు వద్దు, ఆ సమయంలో తనంత తెలివైనవాడు లేడనుకుంటాడు. దిగిపోయిన మరునాడు కూడా వద్దు, ప్రతి మాటా ముల్లులా గుచ్చుకుంటుంది. బుధ, గురువారాల్లో ప్రయత్నించండి. ‘ఎందుకు చేశావు’ అని మా ఇంట్లో అందరూ అడిగారు, దానికి నా దగ్గర జవాబు లేదు, అందుకే అరిచేవాణ్ణి. అక్క మాత్రం ‘చివరగా ఎప్పుడు పడుకున్నావురా?’ అని అడిగేది. అది తిట్టు కాదు, దానికి జవాబు ఉంది. నేను చెప్పిన గంటలను వంటగదిలో క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసేది, ఏమీ అనేది కాదు. ఒకరోజు నీళ్ల కోసం వెళ్లి ఆ నెలంతా చూశాను. సున్నా, సున్నా, పదహారు, పద్దెనిమిది, నాలుగు, ఆరు, సున్నా. డాక్టర్ దగ్గరికి వెళ్దామని నేనే అడిగాను. ఆ తర్వాత కూడా రెండుసార్లు జారాను, అది వేరే కథ.

మీరు ఆదివారం రాత్రి ఈ ప్రశ్న రాశారు. ఈపాటికి అతను పడుకొని ఉంటే, పిలిస్తే కదులుతున్నాడా, ఊపిరి సరిగ్గా ఆడుతోందా చూడండి. పలకకపోతే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే అంబులెన్స్ పిలవండి. అంతా బాగుంటే లేపకండి. మంచం పక్కన నీళ్ల సీసా పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేయండి. బుధవారం దాకా టైం ఉంది.